తత్వవేత్త నడవడిని చూసి ఆయన తత్వాన్ని కొలవవచ్చునా?

నీవానది మాస్టారు
చిత్తూరులో మా మిద్దె మీద నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం సాయంత్రం ఏడెనిమిది మందిమి కూర్చుని తత్వశాస్త్రం చదువుకుంటున్నాము. మదనపల్లెలో పుట్టిన మనవాడే కదా అని ఈ ఏడాది జిడ్డు కృష్ణమూర్తితో మొదలుపెట్టాము. మూడో వారం, మాలో అందరికంటే చిన్నవాడైన ఇంజనీరింగు కుర్రవాడు ఒక ప్రశ్న వేశాడు. తన సన్నిహిత సహచరుడైన రాజగోపాల్ భార్య రోజలిండ్‌తో కృష్ణమూర్తికి ఏళ్ళ తరబడి రహస్య సంబంధం ఉండేదని ఆ దంపతుల కూతురే 1991లో పుస్తకం రాసింది కదా, అలాంటి మనిషి దగ్గర మనం నేర్చుకోవలసింది ఏముంటుందని అడిగాడు. మాలో ఎవరమూ అతణ్ణి ఒక్క కటువైన మాట అనలేదు. అయినా పుస్తకం మూసి, బొరుగుల పళ్ళెం పక్కన పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ తరువాత రెండు వారాలుగా రావడం లేదు.

నా బాధ ఏమిటంటే, ఈ తరం వాళ్ళు మనిషిని చూసి మాటను కొట్టివేస్తున్నారు. తనను జగద్గురువుగా నిలబెట్టడానికి 1911లో పెట్టిన సంస్థను, 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో వేల మంది అనుచరుల ఎదుట తానే రద్దు చేసిన మనిషి ఆయన. అలాంటివాడి స్వతంత్రబుద్ధిని ఆయన పడకగది తలుపు సందులోంచి చూసి తేల్చడం న్యాయమేనా?

తోతాపురి
మండీలో కాయ కొనేటప్పుడు తోట యజమాని ఎలాంటివాడని మేము అడగము, కాయ కోసి చూస్తాము. తత్వానికైనా అంతకంటే వేరే పద్ధతి ఎందుకుంటుందో నాకు అర్థం కావడం లేదు.

చంద్రగిరి కోట
తోతాపురి అన్నా, కాయ సంగతి కత్తి దిగగానే తెలిసిపోతుంది. 'ఇలా బ్రతుకు' అని చెప్పే మాట సంగతి తేలడానికి ఒక జీవితం పడుతుంది, అది కూడా కొన్నవాడి జీవితం. పిల్లల పెంపకం మీద 1762లో అంత పెద్ద గ్రంథం రాసిన తత్వవేత్త రూసో తనకు పుట్టిన ఐదుగురు పిల్లలనూ అనాథాశ్రమానికి పంపించాడు. ఆ పుస్తకం పట్టుకుని పిల్లవాణ్ణి పెంచబోయే తల్లికి ఈ విషయం తెలియనక్కరలేదని మీరు అనగలరా? మాస్టారు గారు 'పడకగది తలుపు' అని ఎగతాళిగా రాశారు గాని, ఆ కుర్రవాడి ప్రశ్న అంత చిల్లరది కాదని నా అభిప్రాయం.

న్యాయసూత్రం
ఇద్దరూ రెండు వేరు వేరు ప్రమాణాల గురించి, అంటే తెలుసుకునే మార్గాల గురించి, మాట్లాడుతున్నారు. మాట రెండు దారుల్లో మన దగ్గరకు వస్తుంది. ఒకటి అనుమానం, అంటే శంక కాదు, గుర్తును బట్టి ఊహించి తెలుసుకోవడం. 'కొండ మీద పొగ ఉంది, కాబట్టి నిప్పు ఉంది' అని దొంగ చెప్పినా దొర చెప్పినా హేతువు నిలిస్తే చాలు, చెప్పినవాడితో పని లేదు. రెండోది శబ్దం. ఇక్కడ మనం నమ్మేది హేతువును కాదు, మనిషిని. అందుకే న్యాయశాస్త్రం రాసిన గౌతముడి సూత్రం 'ఆప్తోపదేశః శబ్దః' అంటుంది. ఆప్తుడు, అంటే నమ్మదగినవాడు, చెప్పిన మాటే ప్రమాణం, ఎవడు పడితే వాడు చెప్పినది కాదు.

ఇంతకంటే అందమైనది ఆ సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యంలో ఉంది. ఆప్తుడంటే కులం కలవాడనో, నిష్ఠ కలవాడనో ఆయన చెప్పలేదు. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టుగా ఎదుటివాడికి చెప్పాలన్న కోరిక ఉండాలి. ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఇదే లక్షణమని తేల్చి చెప్పాడు. కాబట్టి తత్వవేత్త శీలంలో మనం విచారించవలసినది ఈ రెండే. ఆయన ఏం తిన్నాడు, ఎవరితో ఉన్నాడు అన్న సంగతులు ఈ రెండింటిని తాకినంతమేరకే మనకు పనికివస్తాయి.

కృష్ణమూర్తి విషయంలో తాకుతాయనే నేను అనుకుంటున్నాను. సంబంధం ఉండడం వల్ల కాదు, దాచడం వల్ల. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమని జీవితమంతా చెప్పినవాడు, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పాలన్న కోరికను ఒక గదిలో మాత్రం పక్కన పెట్టాడా అన్నది న్యాయమైన ప్రశ్నే.

శేషాచలం నీడ
రెండు వేల ఏళ్ళ నాటి శాస్త్రానికి మిద్దె మీది తగాదాలో ఇంత పని దొరుకుతుందని నేను అనుకోలేదు.

అలిపిరి మెట్లు
నా అనుభవం వేరే వైపు నుంచి వస్తుంది. పదేళ్ళ క్రితం నేను ఒక విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రంలో పరిశోధన చేశాను. ఊరూ పేరూ వద్దు. మా గైడు గారి వంటి శీలవంతుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. విద్యార్థి దగ్గర కప్పు కాఫీ కూడా తాగేవారు కాదు, తన చాక్‌పీసులు తానే కొనుక్కునేవారు, అబద్ధం ఆడగా ఎవరూ వినలేదు. నా మూడో అధ్యాయంలో ఆయన గురువు గారి సిద్ధాంతం ఒక చోట నిలవదని రాశాను. నాలుగు రోజుల తరువాత ఆ అధ్యాయం గుండుసూదితో సహా తిరిగి వచ్చింది. ఒక్క అక్షరం దిద్దలేదు. మొదటి పుట నుంచి చివరి పుట వరకు మూల నుంచి మూలకు ఎర్ర సిరా గీత ఒక్కటే, అదీ స్కేలు పెట్టి గీసినది. కారణం అడిగితే 'మన సంప్రదాయంలో అలా రాయరు' అన్నారు. కోపం లేదు, గొంతు పెంచలేదు.

ఆ అధ్యాయాన్ని చివరకు నిలబెట్టినవాడు, పక్క శాఖలో టీ కొట్టు నిండా బాకీలున్న ఒక అధ్యాపకుడు. మధ్యాహ్నానికే ఆయన దగ్గర మందు వాసన వచ్చేది. చదివి, 'నీ వాదం తప్పు, కానీ తప్పని నిరూపించేది నేను, గీత కాదు' అని కమిటీలో నా తరఫున మాట్లాడాడు. మంచి నడవడి, స్వతంత్రబుద్ధి అన్నవి రెండూ ఒక కాడికి కట్టిన ఎద్దులని మనం ఊరికే అనుకుంటున్నాము. నేను చూసినంతలో ఒకటి తూర్పుకు లాగితే ఒకటి పడమటికి లాగుతుంది.

చంద్రగిరి కోట
ఒక తాగుబోతు మంచివాడైనంత మాత్రాన తాగుడు స్వతంత్రబుద్ధి కాదు గదా సార్.

అలిపిరి మెట్లు
నేను అలా అనలేదు. నిష్ఠ కూడా స్వతంత్రబుద్ధి కాదన్నాను.

గాంధీరోడ్డు కళ్ళద్దాలు
తిరుపతిలో మాది కళ్ళద్దాల కొట్టు. మా నాయన కాలంలో అద్దాలు చేత్తోనే అరగదీసేవారు. కాబట్టి మీ అందరికీ లేని ఒక అర్హత స్పినోజా గురించి మాట్లాడడానికి నాకుంది. ఆయన కూడా మా పనివాడే. 1656లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం ఆయనను వెలివేసింది. నాలుగు మూరల దూరంలోకి ఎవరూ పోకూడదని, ఆయన రాసినది ఎవరూ చదవకూడదని శాసించింది. ఆ తరువాత ఆయన అద్దాలు అరగదీసే పనిలో ఉన్నాడు.

ఆ పని ఎలాంటిదో చెబుతాను. పోత ఇనుముతో చేసిన గిన్నె వంటి పనిముట్టులో తడిపిన ఎమరీ పొడి వేసి, గాజు బిళ్ళను గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. ముతక పొడి అయ్యాక దాన్ని చుక్క మిగలకుండా కడిగి, సన్నపొడి వేయాలి. పాతపొడి ఒక్క రేణువు మిగిలినా బిళ్ళ మీద గీత పడి, పూట శ్రమ పోతుంది. మా నాయన కళ్ళతో కాదు, చూపుడు వేలితో చూసేవాడు. ఆ పనిలో నోటితో పని లేదు, ఎవరికీ దండం పెట్టే పని లేదు. సాయంత్రానికి ముక్కులో గాజుపొడి మాత్రం ఉంటుంది. స్పినోజా నలభై నాలుగేళ్ళకే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అద్దాల ధూళి కూడా అందుకు కారణమై ఉంటుందని చెబుతారు.

1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆచార్య పదవి ఇస్తామంది. తత్వచింతనకు పూర్తి స్వేచ్ఛ ఉంటుందని, అయితే నెలకొని ఉన్న మతాన్ని కలవరపెట్టడానికి దాన్ని వాడరని ఆశిస్తున్నామని రాశారు. ఆ స్వేచ్ఛకు హద్దు ఎక్కడో నాకు తెలియదు కాబట్టి రాలేనని ఆయన మర్యాదగా జవాబిచ్చాడు. నన్నడిగితే శీలమంటే ఆ జవాబు.

తోతాపురి
నెల జీతం వద్దన్నవాణ్ణి మా ఇంట్లో శీలవంతుడనరు, వేరే మాట అంటారు.

న్యాయసూత్రం
కళ్ళద్దాల వారి వర్ణన చదివి చాలా సంతోషించాను, కానీ ఒక సవరణ. స్పినోజా కేవలం చేతిపనితో బ్రతికాడన్నది కొంత కథగా మారింది. ద వ్రీస్ అనే మిత్రుడి కుటుంబం ఆయనకు ఏటా భత్యం ఇచ్చింది.

గాంధీరోడ్డు కళ్ళద్దాలు
తెలుసు. ఏటా 500 గిల్డర్లు ఇస్తామంటే 300 చాలు అన్నాడు. ఆ 200 తేడాలో ఆయన స్వాతంత్ర్యం ఉందని నా లెక్క.

శేషాచలం నీడ
అందరూ స్పినోజాలు కాలేరు. జర్మన్ తత్వవేత్త కాంట్ సంగతి చూడండి. 'ధైర్యం చేసి నీ బుద్ధిని నువ్వే వాడుకో' అని 1784లో లోకానికంతటికీ చెప్పినవాడు ఆయన. పదేళ్ళు తిరిగేసరికి మతం మీద ఆయన రాసిన పుస్తకానికి ప్రష్యా రాజు ఆగ్రహించి, ఇకపై ఇలా రాస్తే పరిణామాలుంటాయని 1794లో ఉత్తరం పంపించాడు. డెబ్బై ఏళ్ళ కాంట్, 'ఏలినవారి అత్యంత విధేయ ప్రజగా' ఇక మతం గురించి బహిరంగంగా మాట్లాడనని రాసి ఇచ్చాడు. 1797లో రాజు చనిపోయాడు. నేను ఆ రాజుకు ప్రజగా ఉన్నంతకాలమే మాట ఇచ్చాను, రాజే లేడు కాబట్టి కట్టు తెగిపోయిందని, ఆ మాటలను అప్పుడే ఎంచి ఎంచి వాడానని చెబుతూ 1798లో ఉత్తరాలతో సహా అచ్చువేశాడు. అబద్ధమాడడం ఎప్పుడూ తప్పేనని బోధించినవాడు ఇలా చేయడాన్ని పిరికితనమనాలో, యుక్తి అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

తోతాపురి
మా చిత్తూరు కోర్టు దగ్గర ఇలాంటి ఒక్క వాక్యం రాయించుకోవాలంటే ప్లీడరు గారు రెండు వాయిదాల ఫీజు ముందే అడుగుతారు.

అలిపిరి మెట్లు
నీడ గారూ, నాకు తేలింది. అది జీతగాడి యుక్తి. రాజు ఉద్యోగం చేస్తూ రాజు మతాన్ని విమర్శించాడు, పట్టుబడ్డాడు, తలవంచాడు, బ్రతికి ఉండి మళ్ళీ తలెత్తాడు. నేనూ ఆ మూడో అధ్యాయాన్ని రెండేళ్ళు పెట్టెలో పెట్టుకున్నవాణ్ణే కాబట్టి ఆయన మీద రాయి వేయలేను.

తరిగొండ మనవరాలు
పదిహేను పోస్టులు అయ్యాయి, తత్వవేత్తగా ఒక్క స్త్రీ పేరు రాలేదు. పైగా శీలం అంటే ఏమిటో అందరికీ తెలిసినట్టే మాట్లాడుతున్నారు. మా వైపు తరిగొండ వెంగమాంబ ఉంది. బాలవితంతువు. గుండు చేయించుకోవాలి, గాజులు తీయాలి అని ఊరు పట్టుబడితే, నేను భర్తగా భావించేది వేంకటేశ్వరుణ్ణి, ఆయనకు చావు లేదు కాబట్టి నేను వితంతువును కాను అన్నది. చివరకు తిరుమల చేరి అక్కడే 1817 దాకా బ్రతికింది. ద్విపదలో వాసిష్ఠరామాయణం రాసింది, రాజయోగం మీద రాసింది. 'తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి' అని ఇప్పటికీ ఏకాంతసేవలో ఆమె పేరు వినబడుతుంది.

చూడండి, రూసోను 'మీ పుస్తకం బాగుంది, కానీ పిల్లలను ఏం చేశారు' అని రెండో ప్రశ్నగా అడిగారు. వెంగమాంబను 'నీ జుట్టు సంగతేమిటి' అని మొదటి ప్రశ్నగా అడిగారు, ఆమె అద్వైతం గురించి రెండో ప్రశ్న అడిగే ఓపిక చాలామందికి లేకపోయింది. ఇవాళ్టికీ ఆమె కథ చెప్పమంటే మహిమలు చెబుతారు గాని ఆమె ఆలోచన ఏమిటో చెప్పరు. శీలవిచారణ తత్వవిచారణకు అడ్డుగోడగా ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఆమ్‌స్టర్‌డామ్ దాకా పోనక్కరలేదు.

చంద్రగిరి కోట
అక్కా, ఈ కోణం నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. రూసో మీద నా వాదం మాత్రం అలాగే ఉంది.

న్యాయసూత్రం
అడ్డుగోడ అన్నారు కాబట్టి పరలోకాన్ని ఒప్పుకోని చార్వాకులను తలచుకోవాలి. అప్పు చేసైనా నెయ్యి తాగమన్నారనే ఒక్క మాటతో వాళ్ళను మనం ఎరుగుదుము. ఆ మాట చాలా వరకు పధ్నాలుగో శతాబ్దపు సర్వదర్శనసంగ్రహం ద్వారా, అంటే ప్రతిపక్షం వాళ్ళ కలం నుంచి మనకు చేరింది. చార్వాక పక్షానికి దగ్గరివాడని చెప్పే జయరాశి భట్టు గ్రంథం తాళపత్రప్రతి 1926లో దొరికి, 1940లో అచ్చయింది. అందులో విందులూ నెయ్యీ వెతికినవాడికి నిరాశే. ప్రత్యక్షం, అనుమానం, శబ్దం ఒక్కొక్కటీ ఎందుకు నిలవవో పుట తరువాత పుట వాదించాడు, అంతే. శత్రువు చెప్పిన శీలకథ ఆరు వందల ఏళ్ళు నడిచింది, సొంత వాదం తాళపత్రాల్లో పడి ఉంది.

తోతాపురి
నెయ్యి ధర ఇప్పుడున్న స్థితిలో అప్పు తప్ప వేరే మార్గం లేదని చార్వాకుల తరఫున మనవి.

శేషాచలం నీడ
గురువుతో విభేదించడం గురించి మెట్లు గారు రాసినది చదివినప్పటి నుంచి రామానుజుల కథ మనసులో మెదులుతోంది. గోవిందరాజస్వామి గుడి వీధుల్లో పెరిగినవాళ్ళకు తెలియని కథ కాదు. యాదవప్రకాశుల దగ్గర చదువుకునే రోజుల్లో, గురువు గారికి తల అంటుతూ ఉండగా ఛాందోగ్యంలోని 'కప్యాసం' అనే మాటకు ఆయన కోతి వెనుక భాగంతో పోలిక తెచ్చి అర్థం చెప్పారట. శిష్యుడి కంటినీరు వేడిగా గురువు తొడ మీద పడిందట. ఏమిటని అడిగితే, సూర్యకిరణాలకు విచ్చిన పద్మం అని అర్థం చెప్పవచ్చు గదా అని వివరించారట. గురుశిష్యుల మధ్య చెడింది. సంప్రదాయం చెప్పే మాటే ఇది, చరిత్ర పత్రం కాదు. కానీ నాకు నచ్చేది చేయి. గురువు తల మీద నుంచి చేయి తీయకుండానే, తన తల అడ్డంగా ఊపాడు.

అలిపిరి మెట్లు
దీనికి సరిగ్గా తలకిందులైనది జర్మన్ తత్వవేత్త హైడెగర్ కథ. 1927 నాటి తన మహాగ్రంథాన్ని గురువు హుసర్ల్‌కు అంకితమిచ్చాడు. 1933లో ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయానికి రెక్టర్ (అధిపతి) అయి, నాజీ పార్టీలో చేరాడు. హుసర్ల్ యూదు కుటుంబంలో పుట్టినవాడు. 1941 ముద్రణలో ఆ అంకితం లేదు. ఒక్క పుట చించివేయడమే కదా అనిపిస్తుంది. గురువుతో విభేదించిన వాదాలు ఆయన పుస్తకంలో ఎన్నో ఉన్నాయి, అవన్నీ స్వతంత్రబుద్ధే. అంకితం తీయడంలో మాత్రం వాదం లేదు. మందలో నడుస్తున్నవాడి కాలు మాత్రమే ఉంది. విచిత్రమేమిటంటే మంద వెంట పోవడం ఎలాంటిదో అంత నిశితంగా వర్ణించిన తత్వవేత్త మరొకరు లేరు.

చంద్రగిరి కోట
అయితే ఆయనను చదవడం మానేయాలా?

అలిపిరి మెట్లు
నేను మానలేదు. 1933ను మరిచిపోయి మాత్రం చదవను.

తరిగొండ మనవరాలు
రోమన్ తత్వవేత్త సెనెకాను ఇలాగే అడిగారు. నీరో చక్రవర్తి పక్కన కూర్చుని అంత ఆస్తి కూడబెట్టి పేదరికం గొప్పదని ఎలా రాస్తావు అని. నేను మాట్లాడేది సద్గుణం గురించి, నా గురించి కాదు అన్నాడు. మా పిన్ని కూడా మధుమేహం గురించి జిలేబీ తింటూనే ఉపన్యసిస్తుంది. ఆమె చెప్పేది తప్పు కాదు. ఎవరూ వినరు, అంతే.

రెండో బెంచీ
మిద్దె దిగి వెళ్ళిపోయిన ఇంజనీరింగు కుర్రవాణ్ణి నేనే. ఇంతసేపు చదువుతూ ఉన్నాను.

మాస్టారు గారి మీద నాకు గౌరవం ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కృష్ణమూర్తికి సంబంధం ఉందని నేను వెళ్ళిపోలేదు. నేను ప్రశ్న అడిగినప్పుడు ముగ్గురు పెద్దవాళ్ళు కాఫీ గ్లాసుల్లోకి చూశారు. ఒకరు 'పెద్దవాళ్ళ గురించి అలా మాట్లాడకూడదు నాయనా' అన్నారు. మాస్టారు గారు ఏమీ అనకుండా పుట తిప్పి, తరువాతి పేరా చదవడం మొదలుపెట్టారు. ఎవరూ కటువైన మాట అనలేదన్నది నిజం, నా ప్రశ్నకు జవాబుగా అసలు మాటే అనలేదు. ఎవరినీ గురువుగా పెట్టుకోవద్దన్నవాడి పుస్తకాన్ని మధ్యలో పెట్టుకుని, ఆయన మీద ప్రశ్న వేయకూడదంటే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఆ రోజు నేను శంకించింది ఆయన స్వతంత్రబుద్ధిని కాదు.

తోతాపురి
ఇప్పుడు కాయ కోశాము.

నీవానది మాస్టారు
పుట తిప్పిన మాట నిజమే. నా మొదటి పోస్టు మళ్ళీ చదువుకున్నాను. అందులో కూడా అతణ్ణి 'ఈ తరం వాళ్ళు' అన్నాను గాని అతని ప్రశ్నకు నా జవాబు ఒక్క ముక్క రాయలేదు. మనవాడు అన్న మమకారం కూడా ఒక కారణం. నా చిన్నప్పుడు మా నాయన రాధాకృష్ణన్ గారిని గురించి ఇలాగే చేసేవారు. తిరుపతి మిషన్ బడిలో చదువుకున్న మన మహానుభావుడు అని వంద సార్లు చెప్పారు. తన రచనను వాడుకున్నారని జదునాథ్ సిన్హా 1929లో ఆరోపించారని, ఇద్దరూ దావాలు వేసుకున్నారని, ఎవరిది తప్పో తేలకుండానే 1933లో రాజీ అయిందని ఒక్కసారీ చెప్పలేదు. కళాశాలకు పోయాక ఎవరో చెబితే, నేను ఆ మనిషితో నెల రోజులు మాట్లాడలేదు.

నాయనా, ఈ ఆదివారం 1929 నాటి ఆ ప్రసంగమూ, 1991 నాటి ఆ పుస్తకమూ రెండూ పక్కపక్కన పెట్టి చదువుదాము. మొదట నువ్వే చదువు. ఎరిగినదాన్ని ఎరిగినట్టు చెప్పాలని న్యాయసూత్రం గారు చెప్పిన ఆ రెండో లక్షణం దగ్గర నా జవాబు ఏమిటో నేను చెబుతాను. అది నీకు నచ్చకపోవచ్చు.

రెండో బెంచీ
వస్తాను సార్. ఆ పుస్తకం నా దగ్గర ఫోనులో ఉంది, అచ్చుప్రతి లేదు.

తరిగొండ మనవరాలు
మదనపల్లె నుంచి నేను అచ్చుప్రతి తెస్తాను. తిరుగు బస్సు ఎనిమిదిన్నరకు, కాబట్టి నా ప్రశ్న ముందు తీసుకోవాలి.

గాంధీరోడ్డు కళ్ళద్దాలు
ఆదివారం కొట్టుకు సెలవే, నేనూ వస్తాను. మా నాయన వాడిన ఇనుప గిన్నె అటక మీద ఉంది, తుప్పు గీకి తెస్తాను. బొరుగుల పళ్ళేనికి దూరంగా పెట్టండి, దాని పొడి ఇప్పటికీ రాలుతుంది.